హైదరాబాద్‌లో లైవ్ జాజ్: వాయించేవాళ్ళున్నారు, వినేవాళ్ళున్నారు, మరి కలిసేదెక్కడ?

నీలి_స్వరం
సూటిగా అడుగుతున్నాను. మన ఊళ్ళో జాజ్ వాయించేవాళ్ళు లేరన్నది అబద్ధం. వినేవాళ్ళు లేరన్నదీ నేను నమ్మను. ఇద్దరూ ఒకే చోట, ఒకే టైముకి దొరికే ఏర్పాటు లేదు, అంతే. గోథే జెంత్రుమ్ (జర్మన్ సాంస్కృతిక కేంద్రం) వాళ్ళో అలియాన్స్ ఫ్రాన్సేజ్ (ఫ్రెంచి వాళ్ళది) వాళ్ళో యూరప్ నుంచి ఒక బ్యాండ్‌ని తెస్తే ఆ సాయంత్రం హాలు కళకళలాడుతుంది. ఏప్రిల్ 30న అంతర్జాతీయ జాజ్ దినోత్సవం అని (యునెస్కో 2011లో ప్రకటించింది) హోటళ్ళ వాళ్ళు పోస్టర్లు వేస్తారు. మే 1 నుంచి మళ్ళీ ఎవరిళ్ళకు వాళ్ళు.

నేననేది 1940ల నాటి స్టాండర్డ్స్ (అందరూ వాయించే పాత జాజ్ పాటలు) గురించి కాదు. ఇక్కడి కుర్రాళ్ళు ఇప్పుడు, తమ బుర్రతో కట్టుకుంటున్న బాణీల గురించి. ఏడాదికోసారి పెద్ద ఫెస్టివల్ పెట్టి లాభముందా, చిన్న గదిలో నెలనెలా పెట్టాలా? నా ఓటు రెండోదానికే. మీ మాటేంటి?

ఎందుకొచ్చిన_గోల
ఓటు సరే, ఓటర్లేరీ? మనవాళ్ళు పబ్‌కి వెళ్ళేది డీజే కోసం. లైవ్ బ్యాండ్ అంటే సినిమా హిట్లు, రెండు పెగ్గులయ్యాక ఫోక్ పాటలు. సాక్సోఫోన్ అంటారా, పెళ్ళి రిసెప్షన్లో వెల్‌కమ్ డ్రింక్ ట్రే పక్కన నిలబడి వాయించే ఆయన. దానికి "సమకాలీన" అని పేరు తగిలిస్తే జనం వస్తారా?

బ్రష్_స్టిక్స్
ఆ ట్రే పక్కన నిలబడేది మా బ్యాండ్ సాక్స్ వాడే గురూ. ఆ డబ్బుతోనే సాక్స్‌కి రీడ్లు (ఊదే చోట బిగించే పలుచని పుల్లలు) కొంటాడు, కించపరచకు.

పబ్ సంగతి నేను చెప్తా. ఊళ్ళో ఒక చోట (పేరొద్దు) క్వార్టెట్‌గా వాయించాం. స్టేజీకి సరిగ్గా పైన పెద్ద టీవీ, సౌండ్ తీసేసిన ఐపీఎల్. బేస్ సోలో నడుస్తోంది, నేను బ్రష్‌లు పట్టుకుని చప్పుడు కాకుండా తాళం మోస్తున్నా, కీబోర్డ్ వాడు చేతులు కూడా తీసేశాడు. ఒక్కసారిగా హాలంతా లేచి కేకలు, చప్పట్లు. మా బేస్ వాడు కళ్ళు తెరిచి, మురిసిపోయి, వంగి దణ్ణం పెట్టాడు. వెనక్కి తిరిగి చూస్తే టీవీలో వికెట్ పడింది. దణ్ణం ఎటూ పెట్టాడు కదా అని సోలో మళ్ళీ మొదట్నించీ అందుకున్నాడు, మహానుభావుడు.

తొమ్మిదిన్నరకి మొదలెట్టమన్నారు. పదికి పక్క అపార్ట్‌మెంట్ నుంచి ఫోను. అరగంట వాయించి సామాను సర్దుకున్నాం. వెళ్ళేటప్పుడు మేనేజర్ భుజం తట్టి, "బాగుంది బ్రో, నెక్స్ట్ టైం తెలిసిన పాటలు వెయ్యండి" అన్నాడు.

కౌంటర్_వెనక
ఆ మేనేజర్ నేను కాదు గానీ, ఆయన తరఫున మాట్లాడతా. ఈ వ్యాపారంలోనే ఉన్నా కాబట్టి.

శుక్ర, శనివారాల్లో ఒక టేబుల్ మీద రెండు మూడు గుంపులు మారాలి. అద్దె, లైసెన్సు ఫీజు, జీతాలు అన్నీ ఆ రెండు రాత్రుల మీదే. బుద్ధిగా వినడానికి వచ్చినాయన ఒక్క బీరుతో రెండు గంటలు కూర్చుంటాడు. ఆయన తప్పేం లేదు, మా లెక్కే కుదరదు. అందుకే అంటున్నా, శనివారం అడక్కండి. మంగళవారం అడగండి. మాకు ఖాళీగా పోయే రోజది, గది ఊరికే ఇస్తాం. టీవీ కూడా కట్టేయిస్తా, అయితే ఐపీఎల్ ఉన్న రెండు నెలలు తప్ప. అది నా చేతుల్లో లేదు.

మీ బ్యాండ్ల గురించీ ఓ మాట. పోస్టర్ కోసం ఫోటో అడిగితే ముందురోజు అర్ధరాత్రి వాట్సాప్‌లో మసక బొమ్మ పంపుతారు. ఎవరెవరు వాయిస్తారో పేర్లు రాయరు. "జాజ్ నైట్" అని రాసి ఊరుకుంటే ఎవరిని చూసి రావాలి జనం?

చిక్కడపల్లి_అత్తయ్య
మా అబ్బాయి పెట్టే రికార్డులు పక్కగదిలోంచి విని విని నాకూ రుచి తగిలింది. సంగీత సభలకు పోయే మనిషిని నేను, త్యాగరాయ గానసభ మాకు నడిచిపోయే దూరం.

బాబూ, మీరు వినే జనం కోసం వెతుకుతున్న చోటే సరిగ్గా లేదు. తని ఆవర్తనం (కచేరీలో మృదంగం సోలో) అరగంట కదలకుండా, వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ వినేవాళ్ళు ఈ ఊళ్ళో కావలసినంతమంది ఉన్నారు. వాళ్ళు చిక్కడపల్లిలో, మారేడ్‌పల్లిలో, మల్కాజ్‌గిరిలో ఉంటారు. మీరు జూబ్లీహిల్స్ బార్లలో చూస్తున్నారు.

మాకు కొత్తగా నేర్పాల్సింది కూడా పెద్దగా లేదు. మీరు మొదట ఒక బాణీ అందరూ కలిసి వాయిస్తారు, తర్వాత ఆ చట్రంలోనే ఒకరి తర్వాత ఒకరు మనోధర్మం చూపిస్తారు, చివరికి మళ్ళీ అదే బాణీకి వస్తారు. నెరవు, కల్పనస్వరాలు (కర్ణాటక కచేరీలో అప్పటికప్పుడు కల్పించి పాడే భాగాలు) విన్న చెవికి ఇది పరాయిది కాదు. 1958లో అమెరికన్ జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ బృందం మద్రాసు వచ్చినప్పుడు పళని సుబ్రహ్మణ్య పిళ్ళై గారు వాళ్ళతో మృదంగం వాయించారు. ఇద్దరిదీ వేరే భాష, తాళం దగ్గర కలుసుకున్నారు.

నా సలహా ఒకటే. సభ పెట్టండి. ఏడాదికి ఇంతని చందా, నెలకో కచేరీ, తేదీ మారకూడదు. రెండో ఆదివారం అంటే రెండో ఆదివారమే. బారులో పెడితే మాత్రం నేను రాను.

బీచ్‌రోడ్_బాస్
అత్తయ్యగారూ, మీరు రానంటున్నారు, నన్ను రానివ్వరు! నాకు 19. విశాఖలో డిగ్రీ చదువుతూ బేస్ గిటార్ నేర్చుకుంటున్నా. తాగే వయసు అటు ఆంధ్రాలోనూ ఇటు తెలంగాణలోనూ 21. నేను కొబ్బరినీళ్ళు తాగుతానన్నా గేటు దగ్గర ఆధార్ చూసి వెనక్కి పంపేస్తారు. జాజ్ నేర్చుకునేవాళ్ళలో సగంమంది నా వయసువాళ్ళే కదండీ. ఇప్పటిదాకా నేను చూసిన జాజ్ అంతా ఫోన్లోనే. మనిషి ఎదురుగా కూర్చుని తీగ లాగితే ఎలా ఉంటుందో చూడాలని ఉంది.

వైట్‌ఫీల్డ్_వలసపక్షి
బెంగళూరు నుంచి. బారు అంటే అన్నీ ఒకటి కాదండీ. వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ క్రాఫ్ట్‌వర్క్స్ ఉంది. బీరు అక్కడే కాస్తారు, కానీ పైన సంగీతానికి వేరే థియేటర్. టికెట్ కొనాలి, కుర్చీలు స్టేజీ వైపే ఉంటాయి. ఎవరైనా గట్టిగా మాట్లాడితే పక్కవాళ్ళే తిరిగి చూస్తారు. ఢిల్లీలో 2015లో సఫ్దర్‌జంగ్ దగ్గర పియానో మ్యాన్ అని మొదలైంది. అక్కడైతే ఒక పాట సేపు ఆర్డర్లు తీసుకోరు, ఫోన్లు లేవు, గ్లాసు చప్పుడు కూడా ఉండకూడదని ముందే చెప్తారు. జనం దాన్ని ఇబ్బంది అనుకోలేదు, ఆ అనుభవం కోసమే వెళ్తారు.

అలాగని అన్నీ నిలబడతాయని కాదు. ముంబైలో బ్లూఫ్రాగ్ 2007లో తెరిచారు. దేశమంతా చెప్పుకున్నారు. 2016లో మూసేశారు. పెద్ద హాలు, పెద్ద అద్దె. దాన్ని చూసి నేర్చుకోవాల్సింది ఏదైనా ఉంటే, చిన్నగా మొదలెట్టడమే.

లాలాగూడ_లోకో
నేను రైల్వేల చేసి రిటైర్ అయిన. మీరందరు జాజ్ అంటే కొత్తగ వచ్చినట్టు మాట్లాడుతున్నరు. మా సౌత్ లాలాగూడల ఆంగ్లో ఇండియన్లు ఉండెటోళ్ళు, ఇంకా కొందరున్నరు. క్రిస్మస్, న్యూ ఇయర్ వచ్చిందంటె డ్యాన్సులు, ట్రంపెట్, డ్రమ్స్, తెల్లారేదాక. చిన్నప్పుడు మేం గోడ అవతల కూసోని వింటుండె. అది ఎవ్వడు టికెట్ పెట్టి నడిపిన కచేరి కాదు, వాళ్ళ బతుకుల భాగం. సగంమంది ఆస్ట్రేలియాకు, ఇంగ్లండుకు పోయిన్రు, పాట కూడ వాళ్ళతోనే పోయింది.

బొంబాయి, కలకత్త కథ కూడ తెల్వాలె. 1935ల లియాన్ అబ్బే అనే నల్లజాతి అమెరికన్ తన బ్యాండు తీస్కొచ్చి బొంబాయి తాజ్ హోటల్ల వాయించిండు. టెడ్డీ వెదర్‌ఫర్డ్ అని పియానో ఆయన వచ్చి కలకత్తలనే ఉండిపోయిండు, 1945ల కలరాతోటి అక్కడ్నే చనిపోయిండు. వాళ్ళ దగ్గర నేర్చుకున్న గోవా వాళ్ళు పగలు సినిమా స్టూడియోలల్ల, రాత్రి హోటళ్ళల్ల వాయించెటోళ్ళు. రెండు చోట్ల పైసలొచ్చేవి గనకనే ఇల్లు గడిచింది.

1978ల నిరంజన్ జవేరి గారు బొంబాయిల జాజ్ యాత్ర షురూ చేసిన్రు. అమెరికా సాక్స్ దిగ్గజం సానీ రోలిన్స్ అంతటోడు వచ్చిండు. రంగ్ భవన్ అని ఆరుబయలు స్టేజి. పక్కపొంటి దవాఖాన, కాలేజి. సౌండ్ రూల్స్ వచ్చినంక అది సైలెన్స్ జోన్ అయింది, పాట బంద్. ఫెస్టివల్ ఎంత పెద్దగుంటె అంత జల్ది పడిపోతది. నీలి_స్వరం చెప్పింది కరెక్టే.

ఎందుకొచ్చిన_గోల
చరిత్ర బాగుంది పెద్దాయనా, నిజంగానే బాగుంది. కానీ సభ అంటే మళ్ళీ అరవై దాటినవాళ్ళతో నిండిన హాలే కదా? ముందు వరసలో శాలువాలు, వెనక వరసలో కునికిపాట్లు. కుర్రాళ్ళు రారు.

చిక్కడపల్లి_అత్తయ్య
కునికిపాట్లు పబ్‌లో పడేవాళ్ళని కూడా చూశాం నాయనా, అక్కడ కారణం వేరు.

డెట్‌ఫర్డ్_తెలుగోడు
😂 అత్తయ్యగారికి నమస్కారం.

లండన్ సంగతి చెప్తాను, ఎందుకంటే కుర్రాళ్ళు రారన్న మాట ఇక్కడ కూడా అనేవాళ్ళు. జాజ్ రీఫ్రెష్డ్ అని 2003లో పోర్టోబెల్లో రోడ్డు మీద ఒక చిన్న బార్లో ప్రతి గురువారం మొదలెట్టారు. పెద్ద స్పాన్సర్లతో కాదు, వారం తప్పకుండా పెట్టడంతోనే ఎదిగారు. మా డెట్‌ఫర్డ్‌లో స్టీమ్ డౌన్ అని వారం మధ్యలో, బుధవారం రాత్రి పెట్టేవారు. రైలు వంతెన కింద ఇరుకు గది, కుర్చీలే ఉండేవి కావు. చెమటలు కారుతుంటే నిలబడి ఊగుతూ వినేవాళ్ళు. సాక్స్ సోలోకి వచ్చే కేకలు మన దగ్గర హీరో ఎంట్రీకి వచ్చేలాంటివి. వాయించేవాడు ఆ కేకను బట్టి సోలో పెంచేవాడు.

కానీ దాని వెనక అసలు పని వేరే ఉంది. టుమారోస్ వారియర్స్ అని గ్యారీ క్రాస్బీ, జనీన్ ఐరన్స్ 1991లో మొదలెట్టారు. పిల్లలకి జాజ్ ఉచితంగా నేర్పుతారు. ఎజ్రా కలెక్టివ్ అనే బ్యాండ్ వాళ్ళు కలిసింది అక్కడే. 2023లో మెర్క్యురీ ప్రైజ్ (ఇక్కడ ఏడాదిలో మేటి ఆల్బమ్‌కిచ్చే బహుమతి) గెలిచారు, ఒక జాజ్ బ్యాండ్‌కి అది రావడం అదే మొదటిసారి. విత్తనానికీ పంటకీ మధ్య ఎన్నేళ్ళో చూడండి. విశాఖ తమ్ముడిని గేటు బయట నిలబెట్టే చోట ఆ పని జరగదు.

ఫేడర్_పైకి
సౌండ్ ఇంజనీర్‌ని. గది గురించి ఎవరూ మాట్లాడటం లేదు కాబట్టి నేను మాట్లాడతా.

అరవైమంది పట్టే గదికి డ్రమ్స్‌కి మైకు అక్కర్లేదు. కిక్ డ్రమ్ (కాలితో వాయించే పెద్ద డ్రమ్) లో ఒక పాత దుప్పటి కుక్కండి, చిన్న సింబల్స్ (డ్రమ్స్ మీది లోహపు పళ్ళేలు) తెచ్చుకోండి. సాక్స్‌కీ మైకు వద్దు. బేస్‌కి చిన్న యాంప్, మాటలకి ఒక మైకు, అంతే. మన దగ్గర ముందు రెండు భారీ స్పీకర్లు నిలబెట్టి, తర్వాత బ్యాండ్‌ని పిలుస్తారు. అప్పుడు సింబల్ చప్పుడు స్పీకర్లోంచి వచ్చి చెవి చిల్లుపడుతుంది, జనం దాని మీదుగా అరిచి మాట్లాడుకుంటారు, వాళ్ళ మీదుగా బ్యాండ్ ఇంకా పెంచుతుంది. జాజ్‌లో సగం అందం ఒకడు తగ్గితే ఇంకొకడు వినిపించడంలో ఉంది. దాన్ని మనమే స్పీకర్ల కింద పాతేస్తాం.

టైము సంగతి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ వాడకూడదు. ఆడిటోరియం లాంటి మూసిన హాల్లో లోపలివాళ్ళ కోసం వాడుకోవచ్చు, కానీ శబ్దం బయటికి పోకూడదు. నివాస ప్రాంతంలో హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. డాబా మీద పెట్టి, పోలీసులొచ్చారని ఏడిస్తే లాభం లేదు. ఆరున్నరకి మొదలెట్టి తొమ్మిదికి ముగించండి.

పియానో: నిజం పియానో ఉన్న హాళ్ళు మన దగ్గర బహు తక్కువ, ఉన్నవాటికి శృతి చేసే నాథుడుండడు. 88 కీల వెయిటెడ్ కీబోర్డ్ (మీటలు నిజం పియానోలా బరువుగా ఉండేది) ఒకటి సభ సొంతంగా కొనుక్కోవాలి. నెలనెలా అద్దె కట్టే బదులు అదే మేలు.

బ్రష్_స్టిక్స్
దుప్పటి నిజం యార్. మా ఇంట్లోది ఇప్పటికీ కిక్ డ్రమ్‌లోనే ఉంది, అమ్మ వెతుకుతోంది.

కౌంటర్_వెనక
బంజారాహిల్స్‌లో లామకాన్ అని సాంస్కృతిక వేదిక ఉంది కదా, అక్కడ అడిగారా? 2010 నుంచి నాటకాలు, ముషాయిరాలు, కచేరీలు అన్నీ నడుస్తున్నాయి. చాయ్, సమోసా, ఆ పెద్ద బండరాయి. మందు లేదు కాబట్టి అత్తయ్యగారూ వస్తారు, విశాఖ తమ్ముడూ వస్తాడు. నా వ్యాపారానికి నేనే చేటు చేసుకుంటున్నా, గమనించగలరు.

ఫేడర్_పైకి
లామకాన్ బాగుంటుంది, కానీ ఆరుబయలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వాన భయం. నవంబరు, ఫిబ్రవరి మధ్య అక్కడ, మిగతా నెలలు నాలుగు గోడల మధ్య ఎక్కడైనా. తేదీ మారకపోతే చోటు మారినా జనం వెతుక్కుంటూ వస్తారు.

నీలి_స్వరం
అందరూ అన్నది విన్నాక లెక్క వేశాను. 60 కుర్చీలు, టికెట్ 499. ఎందుకు 499 అంటే, కచేరీ టికెట్ మనిషికి 500 దాటకపోతే జీఎస్టీ పడదు. హాలు నిండితే 29,940. అందులో 70 శాతం బ్యాండ్‌కి అనుకుంటే 20,958, నలుగురికీ తలా 5,200 పైచిలుకు. సగమే నిండితే తలా 2,600. రెండోది చాలదు. అందుకే అత్తయ్యగారి చందా మాట నాకు నచ్చింది. చందాదారులు ముందే కట్టేస్తే వాన కురిసినా, ట్రాఫిక్ ఆగినా బ్యాండ్‌కి కనీసం ఇంత అని మాట ఇవ్వగలం. తలుపు దగ్గర వసూలయ్యేది దాని పైన.

ఇంకోటి, సొంత బాణీలు వాయించడంలో ఒక సుఖం కూడా ఉంది. పరాయి పాటలు వేదికమీద వాయిస్తే ఐపీఆర్‌ఎస్ (పాటలు కట్టినవాళ్ళ హక్కుల సొమ్ము వసూలు చేసే సంఘం) లైసెన్సు మాట వస్తుంది. బాణీ హక్కులు బ్యాండ్ చేతిలోనే ఉంటే ఆ గొడవ తేలిక.

నా ప్రతిపాదన: మొదటి సెట్ ముప్పావుగంట, పూర్తిగా సొంత బాణీలు. విరామం. రెండో సెట్ అరగంట. ఆ తర్వాత జామ్. ఎవరైనా వాయిద్యం తెచ్చుకుని ఎక్కొచ్చు. బాణీకీ బాణీకీ మధ్య నాలుగు మాటలు తెలుగులో చెప్పాలి: ఇది ఏడు అక్షరాల లెక్కలో నడుస్తుంది, మొదట బేస్ తీసుకుంటాడు, ఇలా.

ఎందుకొచ్చిన_గోల
తెలుగులోనా? గచ్చిబౌలి జనంలో సగం మంది బయటి రాష్ట్రాలవాళ్ళు. వాళ్ళ సంగతి?

నీలి_స్వరం
వాళ్ళకి ఊళ్ళో మిగతావన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి కదండీ. ఒక్క సాయంత్రం పక్కవాళ్ళని అడిగి తెలుసుకుంటారు. మాటలు ఎలాగూ రెండు నిమిషాలే, మిగతాదంతా వాయిద్యమే.

వైట్‌ఫీల్డ్_వలసపక్షి
ఒక ప్రమాదం ముందే చెప్తా. జనం రాకపోతే ఎవరో ఒకరు "వీణ పెడదాం, ఫ్యూజన్ అందాం" అంటారు. జాగ్రత్త.

చిక్కడపల్లి_అత్తయ్య
ఫ్యూజన్ అన్నది తిట్టు కాదు. మన పాలకొల్లు మాండొలిన్ శ్రీనివాస్ రిమెంబర్ శక్తి బృందంలో ఇంగ్లండు జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ పక్కన కూర్చుని వాయించాడు. అందులో ఎవరూ ఎవరికీ తోకగా లేరు.

వైట్‌ఫీల్డ్_వలసపక్షి
ఒప్పుకుంటానండీ. అమెరికా జాజ్ వాద్యకారుడు రుద్రేశ్ మహంతప్ప, కర్ణాటక సంగీతాన్ని సాక్స్ మీద పలికించిన కద్రి గోపాల్‌నాథ్ గారు కలిసి 2008లో చేసిన కిన్స్‌మెన్ ఆల్బమ్ కూడా అంతే, ఇద్దరు సాక్స్ వాళ్ళు ఎదురెదురుగా. ఇద్దరికీ ఎదుటివాడి సంగీతం మీద గౌరవం, సాధన రెండూ ఉన్నాయి. నేనన్నది రిహార్సల్ లేకుండా, పోస్టర్ మీద బొమ్మ కోసం వీణను పక్కన పెట్టే రకం గురించి.

లాలాగూడ_లోకో
పోస్టర్ అంటె యాదికొచ్చింది. ఫోన్ల మీదనే వేస్తె మా అసొంటోళ్ళకు తెల్వదు. మెట్టుగూడ, తార్నాక చాయ్ హోటళ్ళల్ల కాయితం అంటించున్రి. తెలుగు పేపర్ల "నేడు నగరంలో" ఉంటది చూడు, అండ్ల ఒక లైను పడాలె. అది పైసలు లేని పని.

కౌంటర్_వెనక
రీల్ కూడా కావాలి. పూర్తి పాట కాదు, సోలోలో ఒకడు ఇంకొకడిని చూసి నవ్వే ఇరవై సెకన్లు. మా దగ్గర బుకింగ్‌లు వచ్చేది అలాంటివాటికే. పేర్లు రాయండి, ఎవరు ఏం వాయిస్తారో రాయండి, వారం ముందు పెట్టండి.

బ్రష్_స్టిక్స్
జామ్‌కి హౌస్ ట్రయో (వచ్చినవాళ్ళందరికీ తోడు వాయించే ముగ్గురు) మేం ఉంటాం. కానీ ఒక షరతు. ఎక్కేవాళ్ళు ఒక్కొక్కరూ పది నిమిషాల సోలో తీసుకోకూడదు. రెండు ఆవృత్తాలు, దిగిపో. ఎవరి గిటారు వాళ్ళే శృతి చేసుకుని ఎక్కాలి.

బీచ్‌రోడ్_బాస్
నేను వస్తానన్నా. శనివారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆదివారం పొద్దున్నకి దిగిపోతా. యాంప్ మోసుకురాలేను, అక్కడిది వాడుకోవచ్చా?

ఫేడర్_పైకి
నాది వాడుకో. కేబుల్ మాత్రం నీదే తెచ్చుకో, కేబుల్ అప్పిస్తే తిరిగి రావడం నేను చూడలేదు.

చిక్కడపల్లి_అత్తయ్య
కుర్చీలకు వీపు ఆనుకోవడానికి ఉంటుందా? ప్లాస్టిక్ స్టూళ్ళయితే ముందే చెప్పండి, దిండు తెచ్చుకుంటాను. మా వీధిలో చందాకి నలుగురు ఒప్పుకున్నారు. డబ్బు ఎవరికి కట్టాలో, రసీదు ఎవరిస్తారో అడుగుతున్నారు. రసీదు లేకుండా నేను ఒక్కరిని కూడా అడగను.

నీలి_స్వరం
రసీదు పుస్తకం రేపే అచ్చుకిస్తానండీ. చందా సొమ్ముకి మన ముగ్గురి పేరుమీద జాయింట్ ఖాతా: మీరు, లోకో గారు, నేను. వాయించేవాళ్ళెవరూ అందులో ఉండకూడదని నా అభిప్రాయం. బ్రష్, నీకు అభ్యంతరమా?

బ్రష్_స్టిక్స్
నాకు డబ్బు చూపించకపోవడమే మంచిది, సింబల్ కొనేస్తా. మొదటి నెల సెట్‌లిస్ట్ శుక్రవారం కల్లా ఇక్కడే పెడతా, ఫోటో కూడా. మసకది కాదు.